ఆరు నిమిషాల ఈత

ముందు ఆ పరీక్ష ఏమిటో చెప్పుకుందాం. గాజు సిలిండర్‌లో ఎలుక కాళ్లకు అడుగు తగలనంత లోతున నీళ్లు పోస్తారు. నీళ్ల వేడి దాదాపు 25 డిగ్రీలుండాలి. ఎలుకను అందులో వదులుతారు. గోడలు నున్నగా ఉంటాయి కాబట్టి ఎక్కలేదు. కాసేపు గింజుకుంటుంది, గోడ గీరుతుంది, చుట్టూ ఈదుతుంది. ఆ తర్వాత ముక్కు నీళ్ల పైన నిలిచేందుకు ఎంత కావాలో అంతే కాలాడిస్తూ ఊరికే తేలుతుంది. అలా తేలిన సెకన్లను స్టాప్‌వాచ్‌తో లెక్కపెడతారు. చిట్టెలుకకు ఆరు నిమిషాలు, అందులో చివరి నాలుగే లెక్క. పెద్ద ఎలుకకు మొదటిరోజు పదిహేను నిమిషాలు, మర్నాడు ఐదు. మందు తిన్న ఎలుక తక్కువ సేపు తేలితే ఆ మందుకు డిప్రెషన్‌ను తగ్గించే గుణం ఉందని రాసుకుంటారు. రోజర్ పోర్సోల్ట్ మరో ఇద్దరితో కలిసి 1977లో నేచర్ పత్రికలో దీన్ని ప్రకటించాడు. ఫోర్స్‌డ్ స్విమ్ టెస్టు అంటారు.

కడప చుట్టుపక్కల ఒక ఫార్మసీ కాలేజీ అనుకోండి. యానిమల్ ఎథిక్స్ కమిటీ ముందుకు ఎం.ఫార్మసీ విద్యార్థిని అప్లికేషన్ వచ్చింది. కమిటీలో బయటి సభ్యుడు ఒక రిటైరైన జువాలజీ లెక్చరర్. అప్లికేషన్ పెట్టించిన గైడ్ ఫార్మకాలజీ ప్రొఫెసర్, ఒకప్పుడు ఇంటర్‌లో ఆయన శిష్యురాలు. ఈ ఇద్దరూ నా కల్పన. వాదం మాత్రం కల్పన కాదు, ఇలాంటి గదుల్లో గొంతు తగ్గించి నడిచేదే.

సార్: చదివినానమ్మా. నాలుగు గుంపులు, గుంపుకు ఆరు, మొత్తం 24 చిట్టెలుకలు. ఒక గుంపుకు ఉత్త నీళ్లు, ఒక గుంపుకు ఇమిప్రమిన్, మిగతా రెండింటికి పాలకొండల ఆకు రసం, కిలో బరువుకు 200 మిల్లీగ్రాములు, 400 మిల్లీగ్రాములు. పోయినేడు వచ్చిన అప్లికేషన్ కూడా ఇదే. ఆకు పేరొకటి మార్చినారు.

మేడమ్: ఆకు మారితే రసాయనం మారుతాది కదా సార్. ఇమిప్రమిన్ దేనికి? పరీక్ష సరిగ్గా పనిచేస్తాందా లేదా తెలియడానికి. పద్ధతి ఒకటే ఉంటేనే పోల్చుకోవచ్చు. ఏడాదికొక పద్ధతి మారిస్తే అది సైన్సు కాదని మీరే అంటారు.

సార్: ఆ ఇమిప్రమిన్ ఎట్ల దొరికిందో చెప్పు.

మేడమ్: స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్. 1957.

సార్: ఏ ఎలుకను ఈదించినాడు ఆయన?

మేడమ్: ఏ ఎలుకనూ కాదు. స్కిజోఫ్రీనియాకు పనికొస్తాదేమోనని రోగులకిచ్చి చూస్తే, డిప్రెషన్ ఉన్నవాళ్లు తేరుకున్నారు. మీరు ఆడికే వస్తారని తెలుసు. ఇప్రోనియాజిడ్ సంగతీ చెప్తారు, టీబీ మందు ఇస్తే రోగులు హుషారైనారని.

సార్: మరి? ఈ రోగానికి మొదటి రెండు మందులూ మనుషుల్ని కళ్లు తెరిచి చూసినోళ్లకు దొరికినాయి. ఎలుకల ఈత ఆ తర్వాత ఇరవై ఏండ్లకు వచ్చింది. అప్పటికే దొరికిన మందును పట్టుకొని, దాన్ని గుర్తుపట్టే పరీక్ష తయారు చేసినారు. ఆ మందును పోలిన మందునే అది మళ్లీ మళ్లీ గుర్తుపడతాది.

మేడమ్: కూన్ చేసినట్టు ఈ రోజు చేస్తే జైలుకు పంపుతారు సార్. ఏ పరీక్షా లేని మందును ఆస్పత్రిలో రోగికి పోసి చూడ్డానికి ఏ కమిటీ సంతకం పెడతాది? ఎలుక మీద వద్దంటే మనిషి మీదే గదా చూడల్ల.

ఈ మాట తీసిపారేసేది కాదు. జంతువుల మీద జాలి చూపే వ్యాసాలు సాధారణంగా దీని పక్కనుంచి నడిచిపోతాయి. సార్ కూడా వెంటనే జవాబు చెప్పలేదు. అద్దాలు తుడుచుకొని దారి మార్చాడు.

సార్: సరే, నీ పరీక్ష లోపలికే పోదాం. డిప్రెషన్ మందు రోగికి ఎన్నాళ్లకు పనిచేస్తాది?

మేడమ్: రెండు మూడు వారాలు పడ్తాది. కొందరికి ఇంకా ఎక్కువ.

సార్: పోర్సోల్ట్ ఎలుకకు?

మేడమ్: ఈతల మధ్య ఒక్క రోజులో మూడు డోసులు.

సార్: ఒక్క రోజు. అంటే మందు రోగాన్ని తగ్గించిందా, ఎలుక కాళ్లను ఆడించిందా? కాఫీలోని కెఫీన్ ఇచ్చినా ఊరికే తేలే సేపు తగ్గుతాది. ఆంఫిటమిన్‌కూ అంతే. ఇంగ రాజారెడ్డి వీధిలో సైకియాట్రిస్టును అడుగు, ఎక్కువగా రాసేది ఏదని. ఫ్లూక్సెటిన్ జాతి మందులు. పాత లెక్క ప్రకారం పెద్ద ఎలుకల్లో ఈ పరీక్ష వాటినే సరిగ్గా పట్టుకోలేకపోయింది. అందుకే 1990లలో ఈదడం వేరు, గోడెక్కడం వేరు అని లెక్కనే మార్చుకున్నారు. పరీక్షకు మందు సరిపోకపోతే పరీక్షను సరిచేసినారు.

మేడమ్: కొలబద్దను సరిచేసుకోవడం తప్పా? కెఫీన్ సంగతి మాకూ తెలుసు. అందుకే పక్కన లోకోమోటర్ పరీక్ష కూడా పెట్టినాం, ఆకు రసం వల్ల ఊరికే పరుగు పెరిగిందా అని చూసుకోడానికి. అప్లికేషన్‌లో ఆరో పేజీ. మీరు చదివింది మూడు పేజీలేమో.

సార్: ఆరో పేజీ కూడా చదివినా. దాంట్లో స్పెల్లింగు తప్పులు పోయినేడువే.

మేడమ్ నవ్వింది. తర్వాత ఆమె తీసిన వాదం ఈ మొత్తం సంవాదంలో నాకు బలంగా తోచినది.

మేడమ్: మీరు ఎప్పుడూ ఓడిన మందుల గురించే చెప్తారు. కెటమిన్ సంగతి వినండి. 1990లో ట్రుల్లాస్, స్కాల్నిక్ అని ఇద్దరు, మెదడులో గ్లూటమేట్ దారిని అడ్డగించే పదార్థాలను ఈ ఈత పరీక్షలోనూ, తోకకు టేపు వేసి వేలాడదీసే పరీక్షలోనూ చూసినారు. కదలకుండా ఉండే సేపు తగ్గింది. అప్పటికి డిప్రెషన్‌కు ఆ దారి ఉందని ఎవరూ నమ్మలేదు. పదేండ్లకు, 2000లో, యేల్‌లో రోగులకు కెటమిన్ ఇస్తే వారాలు కాదు, గంటల్లో తేరుకున్నారు. 2019లో అమెరికా ఎస్‌కెటమిన్ ముక్కు స్ప్రేకు అనుమతిచ్చింది. ఏ మందూ పనిచేయని రోగులకు అదొక దారి అయింది. ఎలుకకు ఆరు నిమిషాల కష్టం, మనిషికి బతుకు. ఏది బరువు?

సార్: ఇదీ వాదమంటే. ఒప్పుకుంటా, ఆ ఇద్దరూ అడిగిన ప్రశ్న కొత్తది. మెదడులో ఈ దారి మూస్తే ఏమవుతాది అని అడిగినారు. అడగాల్సిన ప్రశ్న ఉండి ఎలుకను నీళ్లలో వేసినారు. మరి ఆ ఎస్‌కెటమిన్ అమ్మే కంపెనీ ఏది?

మేడమ్: జాన్సన్ అండ్ జాన్సన్.

సార్: వాళ్లే ఇంగ ఈ పరీక్ష చేయబోమని చెప్పేసినారు. ఆబ్‌వీ కూడా. జంతువుల తరఫున పోరాడే పెటా వాళ్ల ఒత్తిడే కావచ్చు, కానీ కోట్ల డాలర్ల వ్యాపారం వాళ్లది, ఉపయోగముంటే అంత తేలిగ్గా వదలరు. లండన్ కింగ్స్ కాలేజీ మానుకుంది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ 2024లో చట్టం చేసి నిషేధించింది. బ్రిటన్ ప్రభుత్వం కూడా పూర్తిగా ఆపడమే తమ ఉద్దేశమని అదే ఏడాది చెప్పింది.

మేడమ్: నలభై ఏండ్లు వాళ్లు చేసి, పేపర్లు రాసుకొని, ప్రొఫెసర్లయి, మందులమ్ముకొని, ఇప్పుడు పాపమంటాండారు. వాళ్ల దగ్గర ఎలుక పంజరంలో ఎట్ల కదులుతాందో ఇరవై నాలుగు గంటలూ చూసే కెమెరాలుండాయి, మెదడు స్కాన్లుండాయి, మనిషి కణాలతో చేసిన మెదడు ముక్కలుండాయి. మా దగ్గర ఏముండాది? గాజు సిలిండర్, నీళ్లు, స్టాప్‌వాచ్. మే నెలలో కరెంటు పోతే యానిమల్ హౌస్‌లో ఏసీ కోసం జనరేటర్‌కు డీజిల్ పోయడానికే మేనేజ్‌మెంటు మొహం చూడల్ల. ఈ పరీక్ష తీసేస్తే లండన్‌లో సైన్సు ఆగదు. రాయలసీమలో ఆగుతాది.

సార్: నిజం చెప్పినావు. చౌక కాబట్టి చేస్తాండాం. ఫారంలో ఆ మాట ఎందుకు లేదు? "ఈ పద్ధతి ఎందుకు" అన్న చోట ఏం రాసినారు, "విస్తృతంగా ఆమోదం పొందినది" అని. ఎవరి ఆమోదం?

మేడమ్: చౌక అని రాస్తే మీరు సంతకం పెడతారా?

సార్: కనీసం నమ్ముతా.

ఇక్కడ ఇంకో మనిషి ఉండి ఉంటే వేమన పేరు తెచ్చేవాడు. 2006లో ఆయన పేరుతో యూనివర్సిటీ వెలిసిన ఊరు కదా, జీవహింస మాటొస్తే ఆయనను సాక్షికి పిలవడం కడపలో అలవాటు. వీళ్లు పిలవలేదు. మేడమ్ దేవరను పిలిచింది.

మేడమ్: ఆదివారం వస్తే మీ ఇంట్లో యేటమాంసం ఉడుకుతాది. ఊరి దేవరకు ఎన్ని పొటేళ్లు తెగుతాయో మీకు తెలుసు. ఎలుకలమందు ఇంటింటా ఉంటాది. ఇంటర్లో మా చేత కప్పను కోయించిన చేతులు మీవే కదా సార్? ఇప్పుడు 24 చిట్టెలుకల దగ్గర ధర్మం గుర్తొచ్చిందా?

సార్: కప్పను కోసినప్పుడు గుండె కనపడింది. మూడు గదులుండాయని పుస్తకంలో చదివింది కంటితో చూసినావు. ఆ తర్వాత బొమ్మలతో, కంప్యూటర్‌తో చూపించే వీలొచ్చింది, యూజీసీ ఆపించింది, మంచిదే. 1960 చట్టంలోనే ఉండాది, పుస్తకాలు, నమూనాలు, సినిమాలతో నేర్పగలిగిన చోట జంతువును వాడొద్దని. మీ బీ.ఫార్మసీ పిల్లలకు పుదుచ్చేరి జిప్‌మర్ వాళ్లు చేసిన ఎక్స్‌ఫార్మ్‌తో తెర మీదే నేర్పుతాండారు గదా. దేవర సంగతా? దేవరకు పొటేలును కొట్టినోడు, దానివల్ల వాన వచ్చిందని థీసిస్ రాసి డిగ్రీ అడగడు. నా అభ్యంతరం చంపడం మీద కాదమ్మా. చూసింది ఒకటి, రాసింది ఇంకొకటి. ఎలుక తేలింది, అది చూసినారు. "నిరాశ చెందింది" అని రాసినారు. ఈ ఎలుకకు నిరాశ అని ఎవరు చెప్పినారు?

మేడమ్: పోర్సోల్ట్ కూడా...

సార్: పోర్సోల్ట్ పేపరు పేరులోనే డిప్రెషన్‌కు నమూనా అని ఉండాది. తర్వాత వచ్చినోళ్లు నమూనా కాదు, జల్లెడ మాత్రమే అని వెనక్కి తగ్గినారు. 2015లో మోలెండైక్, డి క్లోయెట్ అనే ఇద్దరు డచ్చి శాస్త్రవేత్తలు ఏమన్నారు? తేలడం నిరాశ కాదు, నేర్చుకోవడం అన్నారు. బయటికి దారి లేదని తెలిసిన జీవి ఒంట్లో శక్తిని దాచుకుంటాది. మన చెరువులో ఈత నేర్చిన పిల్లోడు కూడా అలిసిపోతే వెల్లకిల్లా తేలతాడు. వాన్ని చూసి పాపం దిగులుగా ఉన్నాడంటామా? అట్ల చూస్తే ఊరికే కాళ్లు కొట్టుకునే ఎలుకే తెలివితక్కువది. మీ మందు దాని తెలివిని తగ్గించిందేమో.

మేడమ్: ఆ వాదం తెలుసు. కానీ మందు ఇచ్చిన గుంపులో తేడా వస్తాంది గదా సార్, ఇమిప్రమిన్‌కు వస్తాంది, కొన్ని ఆకులకు వస్తాంది, కొన్నింటికి రాదు. ఎందుకు వస్తాందో తెలియకపోయినా వస్తాంది. జల్లెడకు పిండి రుచి తెలియాల్సిన పనిలేదు. ఇంకొక మాట. మీరు దీన్ని ఆపితే పిల్లలు దేనికి మళ్లుతారో తెలుసా? క్రానిక్ మైల్డ్ స్ట్రెస్ అని ఉండాది. వారాల తరబడి పంజరాన్ని వంచి పెట్టడం, పరుపు తడిపి పెట్టడం, తిండి ఆపడం, రాత్రంతా లైటు వేయడం. ఆ తర్వాత చక్కెర నీళ్లు ఎంత తాగుతాదో చూడటం. మనిషి డిప్రెషన్‌కు అది దగ్గర, సైన్సుగా మెరుగు. ఎలుకకు? ఆరు నిమిషాలా, ఆరు వారాలా? పోస్టర్ మీద వేయడానికి ఈదే ఎలుక బొమ్మ బాగుంటాది, తడి పరుపు మీద కూర్చున్న ఎలుక బొమ్మ ఎవరూ వేయరు.

ఈ ప్రశ్నకు సార్ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. నిషేధం కోరేవాళ్లు ఒక్క పరీక్ష పేరు పట్టుకుంటే ఉద్యమానికి సులువు. ఆ పేరు తీసేశాక దాని చోట్లో ఏం కూర్చుంటుందో చూసే ఓపిక చాలామందికి ఉండదు. మన దేశంలో ఇంకా అంతదూరం రాలేదు. ఇక్కడ ఈ పరీక్షను ఆపే చట్టం లేదు, కాలేజీ కమిటీలే దిక్కు. జంతు ప్రయోగాల పర్యవేక్షణకు 1964లోనే కేంద్రం ఒక కమిటీ వేసింది, 1998లో నియమాలు వచ్చాయి. ఏ ఎలుకను ఎందుకు ఈదించాలనేది చివరికి ఇలాంటి టేబులు చుట్టూ కూర్చున్నవాళ్లు తేల్చుకోవాల్సిందే.

సార్: ఒప్పుకుంటా, అది ఇంకా కష్టం. అందుకే నేను ఏ పరీక్ష అని అడగడంలేదు, దేనికి అని అడుగుతాండా. ఈ జిల్లాలో దిగులు తక్కువా? బోరు ఎండి, శనగ పంట పోయి, అప్పు తీరక పురుగుమందు డబ్బా పట్టుకున్నోళ్లను మనం చూడలేదా? వాళ్లకు లేనిది కొత్త మందా? బెంగళూరు నింహాన్స్ వాళ్లు 2015-16లో దేశం సర్వే చేసినారు. మానసిక రోగమున్నోళ్లలో, రోగాన్ని బట్టి, 70 నుంచి 92 శాతానికి వైద్యమే అందడంలేదని తేలింది. ఉన్న మందే అందలేదు. ఆ సర్వే చేసింది 12 రాష్ట్రాల్లో, అందులో ఆంధ్రా లేదు. మన రైతు దిగులును లెక్కపెట్టినోడు లేడు గానీ ఎలుక దిగులును సెకన్లలో లెక్కపెడతాండాం.

మేడమ్: అది డాక్టర్ల పని, ప్రభుత్వం పని. ఫార్మసీ పిల్లకు ఆ పని ఎట్ల ఇస్తాం?

సార్: ఎందుకివ్వకూడదు? కడప రిమ్స్ ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీ ఉండాది. మందు రాయించుకున్నోళ్లు ఎందరు రెండో నెల మళ్లీ వస్తాండారు, ఎందరు మధ్యలో ఆపినారు, ఎందుకు ఆపినారు, బస్సు చార్జీ లేకనా, నిద్ర ఎక్కువొచ్చా, ఊళ్లో పిచ్చి అంటారనా? ఫార్మసీ చదివిన పిల్ల అడగదగ్గ ప్రశ్నలు ఇవి. ఒక్క ఎలుకా అక్కర్లేదు.

మేడమ్: మంచి ప్రాజెక్టు సార్. ఫార్మసీ ప్రాక్టీసు పిల్లలకు. ఈ పిల్లది ఫార్మకాలజీ. ఓపీలో కూర్చోవాలంటే మనుషుల ఎథిక్స్ కమిటీ అనుమతి వేరే, దానికి నెలలు పడ్తాది. థీసిస్ ఇచ్చేదానికి టైం లేదు. ఉద్యోగానికి పేపరు కావల్ల. నాన్న ఖాజీపేటలో ఆటో నడుపుతాడు. నేను ఆ పిల్లకు ధర్మం చెప్పాలా, డిగ్రీ ఇప్పించాలా?

సార్: పాలకొండల ఆకు అంటాండావు గదా. ఆ ఆకులో ఏముందో తెలుసా? ఏ రసాయనం?

మేడమ్: ఫ్లేవనాయిడ్లు, ఆల్కలాయిడ్లు పాజిటివ్ వచ్చినాయి.

సార్: ఏ ఆకును నూరినా అవే వస్తాయి. అందులో ఒక్కదాన్ని విడదీసి, ఇదీ దీని నిర్మాణం అని చెప్తే అది థీసిస్. మన శేషాచలం, పాలకొండలు ఎర్రచందనానికి, కొండసాంబ్రాణికి పుట్టిల్లు. వేరే యాడా లేని మొక్కలుండాయి. వాటి రసాయనం తెలుసుకోకముందే ఎలుక నోట్లో పోస్తాండాం. ఈ జిల్లాలోనే, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో రెడ్డిపల్లి దగ్గర మళ్లీ కనపడిందని అడవిని కాపాడి, దాని కోసం తెలుగుగంగ కాలువ దారి మార్చినారు. ఒక పిట్ట కోసం కాలువ మళ్లిన చోట, తెల్ల ఎలుక పేరెత్తితే నవ్వుతారు. అది పంజరంలో పుట్టింది, పంజరంలో పోతాది, దానికి అడవి లేదు, వాదించేవాడు లేడు.

మేడమ్: ఆ రసాయనాన్ని విడదీయడానికి ఎన్‌ఎమ్ఆర్ మిషను కావల్ల. బయటికి శాంపిల్ పంపితే డబ్బులు కట్టల్ల. మళ్లీ మొదటికే వచ్చినాం, చౌక దగ్గరికి.

సార్: వచ్చినాం.

మేడమ్: ఒక పని చేస్తా. 24 బదులు 16 చేస్తా. గుంపుకు నాలుగు. మీకూ కొంచెం ఊరట.

సార్: నాలుగైతే తేడా ఉన్నా లెక్కకు నిలబడదు. అప్పుడు ఆ 16 కూడా వృథా.

మేడమ్: తగ్గించినా తప్పే, పెంచినా తప్పే. మరెన్ని అంటారు?

సార్: ఏం తేలాలో ముందు చెప్తే ఎన్ని కావల్లో నేను చెప్తా. ఆకు పనిచేసిందనే అనుకుందాం. తేలడం 160 సెకన్ల నుంచి 110కి తగ్గిందనుకో. మరుసటి రోజు పొద్దున ఏం చేస్తారు? ఎవరికి చెప్తారు? ఆ ఆకును ఎవరు ముందుకు తీసుకపోతారు?

మేడమ్: నిజం చెప్పాలంటే వచ్చే ఏడాది పిల్ల ఇంకో ఆకు తెస్తాది.

సార్: పనిచేయలేదు అనుకుందాం.

మేడమ్: డోసు పెంచుతాం. లేకుంటే అది అచ్చు కాదు.

సార్: రెండు జవాబులకూ నీ దగ్గర చేసే పని ఒకటే ఉందంటే, ప్రశ్న అడిగినట్టేనా?

మేడమ్ ఫారం తన వైపు లాక్కుంది. ఆమె ఓడిందని నేను రాయను. కెటమిన్ మాటకూ తడి పరుపు మాటకూ ఎదుటి వైపు నుంచి సరైన జవాబు రానేలేదు. కానీ ఆ రెండూ లోకంలో ఎక్కడో ఒకచోట జరిగిన గట్టి పరిశోధనను కాపాడే వాదాలు. ఈ టేబులు మీదున్న అప్లికేషన్‌ను కాపాడేవి కావు. ఆ సంగతి ఆయన కంటే ఆమెకే బాగా తెలుసనుకుంటాను.

మేడమ్: తిప్పి పంపుతారా?

సార్: తిరస్కరించను. ప్రశ్న రాసి పంపుతా. "ఫలితం అవునని వస్తే తర్వాత ఏం చేస్తారు, కాదని వస్తే ఏం చేస్తారు, రెండూ రాయండి" అని.

మేడమ్: ఫారంలో దానికి గడి లేదు సార్.

సార్: ఎలుకల సంఖ్య రాసే గడి పక్కన ఖాళీ ఉండాది, చూడు. ఆడ రాయమను. తెలుగులో రాసినా నాకు అభ్యంతరం లేదు.

మేడమ్: నాకుంది. పైకి పంపేది ఇంగ్లీషులోనే ఉండల్ల. మీ వాక్యం చెప్పండి, రాసుకుంటా. అట్లనే ఆరో పేజీలో ఆ స్పెల్లింగులు ఏవో కూడా చెప్పండి.